నిచ్చెన ఎక్కేవాళ్ళకి మూడు

మంగళవారం పొద్దున షాపు తెరవబోయే ముందు మేకులాయన తన చేతిలో ఏముందో ఒకసారి లెక్క చూసుకున్నాడు. మేడ మీద మూసి ఉన్న గది ఒకటి, అందులో అల్లుడు. తెరిచి ఉన్న వంటిల్లు ఒకటి, అందులో నోరు కుట్టేసుకున్న కూతురు. బల్ల మీద కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి. ఈ మూడింటికీ ఉన్న సంబంధమేమిటో అంతుపట్టని బుర్ర ఒకటి, అది తనది. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల దాకా గడువు.

ఇరవై రెండేళ్ళుగా మేకులు, స్క్రూలు, గొళ్ళేలు అమ్ముతున్న మనిషి. ఇంతకంటే తక్కువ సరుకుతో షాపు తెరిచిన రోజులున్నాయి. ఇంత తిక్క సరుకుతో మాత్రం ఎప్పుడూ తెరవలేదు.

“నాన్నా, టీ తాగుతాడేమో అడుగు,” అంది కూతురు, స్టవ్ వైపు తిరిగే.

“ఎవరు?”

“ఆ గదిలో ఉన్నాయన.”

“నీ మొగుడేనా?”

“శుక్రవారం కాలేజీ వాళ్ళు తేల్చేదాకా ఆయన ఎవరో నేను చెప్పలేను.”

మేకులాయన వెళ్ళి తలుపు తట్టాడు. “అల్లుడూ, టీ తాగుతావేమో అడగమంది.”

“తనే పెడుతోందా?” అని లోపల్నుంచి గొంతు.

మళ్ళీ వంటింట్లోకి. “నువ్వే పెడుతున్నావా అంటున్నాడు.”

“నేను పెడితే తాగడా?”

మళ్ళీ తలుపు దగ్గరికి. “తను పెడితే తాగవా అంటోంది.”

“అలా అన్నానా మామయ్యా? కోపం తగ్గిందేమోనని అడిగాను.”

మళ్ళీ వంటింటికి వచ్చేసరికి మేకులాయన మోకాలు కలుక్కుమంది. “మీ ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. అటువి ఇటు, ఇటువి అటు మోయడానికి నేనెందుకు? దానికో కిటికీ పెట్టించుకోండి. గొళ్ళెం నేనిస్తాను.”

కూతురు నవ్వలేదు. మామూలు రోజుల్లో ఇంతకంటే చప్పటి మాటకే నవ్వే పిల్ల.

మేకులాయన ఉత్తరం తీసి మళ్ళీ చదివాడు. కూతురు రెండేళ్ళుగా సాయంకాలం కాలేజీలో వ్యాపారం గురించి చదువుతోంది. చివరి వ్యాసం ఒక్కటి గట్టెక్కితే పట్టా చేతికొస్తుంది. ఆ వ్యాసం నాన్న షాపు మీదే రాసింది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా స్క్రూలు అడిగితే మేకులాయన ముందు “దేనికి?” అంటాడు. బల్లకో తలుపుకో అయితే అడిగినవాటి మీద ఒకటి కొసరు వేస్తాడు. నిచ్చెన ఎక్కి బిగించేదైతే మూడు. పైనుంచి జారిన స్క్రూ ఒక పట్టాన దొరకదు. దొరికినా దిగాలి, మళ్ళీ ఎక్కాలి, ఎక్కేటప్పుడు మనిషే జారచ్చు. ఎవరికి, దేనికి, ఎన్ని కొసరు, అవి చాలాయా అని నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీసి రాసుకుంటాడు. నాలుగో గడి ఆ మనిషి మళ్ళీ కనిపించినప్పుడు నిండుతుంది. ఇరవై రెండేళ్ళకి ఇరవై రెండు పుస్తకాలు. కూతురు రెండు నెలలు కౌంటరు పక్కన స్టూలు వేసుకుని వాటన్నిటినీ చదివింది. కొసరు పుచ్చుకున్నవాళ్ళలో ఎంతమంది మళ్ళీ ఇక్కడికే వచ్చారో లెక్క తీసింది.

ఉత్తరంలో ఉన్నది ఇది. ఆమె వర్ణించిన దుకాణం లాంటిదే, కొసరు పద్ధతితో సహా, ఈ రెండేళ్ళలో అదే కాలేజీలో మరో ఆరుగురి వ్యాసాల్లో వచ్చిందట. కాబట్టి ఇది ఆమె సొంత రచన అని నమ్మలేకపోతున్నారట. వచ్చి సంజాయిషీ ఇవ్వకపోతే పట్టా లేదట.

“నా షాపు ఇంకో ఆరుచోట్ల ఎలా ఉంటుంది? బ్రాంచీలు ఎప్పుడు పెట్టాను నేను?” అన్నాడు మేకులాయన.

కూతురు అప్పుడు ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఆ గదిలో ఉన్న బ్రాంచి మేనేజర్ని అడుగు.”

*

అల్లుడి గది ఎప్పుడూ సర్దినట్టే ఉంటుంది. సర్దడానికి అందులో ఏమీ లేదు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, అత్తగారు కుట్టిన దిండు వేసిన కుర్చీ. తొమ్మిదేళ్ళుగా రాస్తున్న మనిషి గదిలో తను రాసిన కాగితం ఒక్కటి కనిపించదు.

వ్యాసం రాయలేని విద్యార్థి ఒక కంపెనీని అడుగుతాడు. కంపెనీ ఇతన్ని అడుగుతుంది. ఇతను రాస్తాడు, ఆ విద్యార్థి పేరు పెట్టుకుంటాడు. అడిగినవాళ్ళకి ముఖాలుండవు, నంబర్లే. ఒక్కో నంబరు పక్కన ఇంకా ఎన్ని గంటలు మిగిలాయో ఎర్ర అంకెలు తిరుగుతూ ఉంటాయి. జ్వరమొచ్చినా అవి ఆగవు. పోయిన చలికాలం నలభై ఒకటో నంబరు ఒకే వ్యాసాన్ని ఐదుసార్లు మార్పించాడు. మూతి మీద మఫ్లరు చుట్టుకుని ఐదుసార్లూ మార్చాడు అల్లుడు. ఇంకో నంబరుకి తరగతిలో మొదటి స్థానం వచ్చిందని కంపెనీ నుంచి ఒక ముక్క వస్తే, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఎందుకని అత్తగారు అడిగితే ఏమీ లేదన్నాడు.

మేకులాయనకి ఈ వ్యాపారం మొదట్నుంచీ మింగుడుపడలేదు. సరుకుంది, బోర్డు లేదు. కొనేవాళ్ళున్నారు, మళ్ళీ ఎదురైతే పలకరించేవాళ్ళు లేరు. ‘మీ అల్లుడు ఏం చేస్తాడు?’ అని వీధిలో ఎవరైనా అడిగితే ‘కంప్యూటర్లో’ అని ఊరుకునేవాడు, అదేదో ఊరి పేరైనట్టు. ఒకసారి ఇది తప్పు కాదా అని అడిగాడు కూడా. ‘సాయమే మామయ్యా’ అని అల్లుడు నీళ్ళు నమిలాడు. పిల్లవాడు మంచివాడని తను కూడా రెట్టించలేదు. ఆ రెట్టించకపోవడం ఇప్పుడు తన ఖాతాలోకే వచ్చి పడింది.

“మీరు నా షాపుని ఎన్నిసార్లు అమ్మారు?”

కోపమొస్తే ఆయన నోట అల్లుడు ‘మీరు’ అయిపోతాడు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. అల్లుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఆరుసార్లు.”

“ఆరూ మీరు రాసినవేనా?”

“నేనే మామయ్యా. షాపుని మార్చే రాశాను. ఒకచోట గుండీల కొట్టు చేశాను. ఒకచోట సైకిలు సామాన్లు, ఒకచోట మందుల షాపు.”

“మందుల షాపులో కొసరా? జనం చేత మూడు మాత్రలు ఎక్కువ మింగించారా?”

“మాత్రలు కాదు. దూదిలో పెట్టాను కొసరు.”

“గుండీల కొట్టులో నిచ్చెన ఎవరెక్కారు?”

“నిచ్చెన బదులు కదిలే బస్సులో చొక్కా గుండీ కుట్టుకునేవాళ్ళని పెట్టాను. మూడు మాత్రం మార్చలేదు.”

“ఎందుకు మార్చలేదు? రెండో నాలుగో చేస్తే ఎవరికీ దొరికేవారు కాదుగా.”

“మూడే సరైన లెక్క మామయ్యా. రెండు చాలవు, నాలుగు దండగ. తప్పుడు లెక్క రాయబుద్ధి కాలేదు.”

మేకులాయన నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగింది. సరుకు ఎత్తుకుపోయినవాడు తూకం మాత్రం చెడగొట్టలేదు. ఇలాంటి దొంగని ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు.

“అసలు నా షాపే ఎందుకయ్యా?”

“ఇంకేం చూశాను నేను? పొద్దున ఎనిమిదింటికి ఇందులో కూర్చుంటాను. అన్నం తినడానికి లేస్తాను. వ్యాపారం మీద వ్యాసమంటే ఉదాహరణ కావాలంటారు, గడువు పన్నెండు గంటలంటారు. వెళ్ళి ఏ కొట్టు చూసి రాను? తొమ్మిదేళ్ళలో నేను చూసిన లోకమంతా మన మెట్ల కిందే ఉంది.” కంప్యూటరు తెర ఆర్పి, “మీ గురించి ఆరుచోట్లా మంచిగానే రాశాను,” అన్నాడు.

“అమ్మలు ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడైనా చెప్పాల్సింది కదా.”

“చెబుదామనే కిందికి వచ్చాను. తను స్టూలు మీద కూర్చుని, ముక్కు మీద మసి, ఒళ్ళో పుస్తకం. నన్ను చూసి, ‘ఇది నాది, నువ్వు చెయ్యి పెట్టకు’ అంది. అంత సంతోషంగా తనని చూసి చాలా రోజులైంది. ఆ ఆరుగురూ ఎక్కడెక్కడి కాలేజీల వాళ్ళో అనుకున్నాను. అందరూ తన మేడమ్ దగ్గరే చదువుతున్నారని నాకెలా తెలుస్తుంది? నంబర్లకి ఊరుండదు కదా.”

మేకులాయన ఆ కుర్చీ అంచున కూర్చున్నాడు. “శుక్రవారం వెళ్ళి, ఆ ఆరూ నేను రాశానని చెప్పగలవా?”

“చెబితే కంపెనీ తీసేస్తుంది. బయటికి చెప్పకూడదన్నది వాళ్ళ మొదటి షరతు. ఈ పనికి అనుభవం ఉందని ఎక్కడ చూపించుకోను? రాసినవాటిలో ఒక్కదాని మీదా నా పేరు లేదు.” గొంతు ఇంకా తగ్గింది. “తన రెండేళ్ళ ఫీజూ ఈ రాతలతోనే కట్టాను మామయ్యా.”

*

మధ్యాహ్నం షట్టరు సగం దించి, కౌంటరు వెనక నలుగురూ అన్నానికి కూర్చున్నారు. మేకులాయన భార్య పొద్దున్నుంచీ ఒక్క మాట అనలేదు. చిన్న వాషర్లు ఒక డబ్బాలోకి, పెద్ద వాషర్లు ఒక డబ్బాలోకి ఏరుతూనే ఉంది.

“ఇరవై రెండు పుస్తకాలూ సంచిలో వేసుకుని వస్తాను,” అన్నాడు మేకులాయన. “షాపు నాది, లెక్క నాది. ఇంకేం ఆధారం కావాలి వాళ్ళకి?”

“అవి షాపు ఉందని చెబుతాయి నాన్నా. వ్యాసం నేనే రాశానని చెప్పవు,” అంది కూతురు. “నిన్న కాలేజీలో మేడమ్ ఆ ఆరింట్లోంచి ఒక ముక్క చదివి వినిపించారు. కదిలే బస్సులో గుండీ కుట్టుకునే మనిషట. రెండో వాక్యానికే ఎవరు రాశారో నాకు తెలిసిపోయింది. చెప్పలేక, ఊరుకోలేక, తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. దొంగలాగే కనిపించుంటాను.”

“అన్నం తినమని చెప్పు నాన్నా,” అంది వెంటనే, భర్త కంచం వైపు చూడకుండా. “ఎండిపోతోంది.”

మేకులాయన చెప్పలేదు. ఆయనకి మళ్ళీ ఒళ్ళు మండింది.

“చూడండి అల్లుడుగారూ. వ్యాపారంలో ఒక మర్యాద ఉంటుంది. ఒకరి తెలివి తీసుకుంటే వాళ్ళ పేరు చెప్పాలి. నేను చెమటోడ్చి కనిపెట్టిన లెక్కని, నాకొక మాట కూడా చెప్పకుండా, మీది కానిదాన్ని మీరు...”

వాషర్ల డబ్బా మూత టప్పుమంది.

“ఎవరు కనిపెట్టిన లెక్క?” అంది భార్య.

“ఏది?”

“నిచ్చెన వాళ్ళకి మూడు. ఎవరు కనిపెట్టారు?”

మేకులాయన ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. ఎంత నమిలినా ఆ ముద్ద తరగలేదు.

“చెప్పండి, పిల్లలు వింటారు. షాపు పెట్టిన కొత్తల్లో అదుగో ఆ పై అర బిగిస్తూ మూడు స్క్రూలు జారవిడిచి మూడుసార్లు దిగారు. నిచ్చెన పట్టుకుని నించున్నదెవరు? మూడోసారి కాలు జారితే పట్టుకున్నదెవరు? ‘నిచ్చెన ఎక్కేవాళ్ళకి మూడు ఎక్కువ ఇవ్వండి, వాళ్ళ పెళ్ళాలకి పుణ్యం’ అన్నదెవరు?”

“నువ్వే,” అన్నాడు మేకులాయన.

“మర్నాటి నుంచి వచ్చినవాళ్ళందరితో ఏమన్నారు? ‘ఇది నా లెక్కండీ.’ నేను ఇక్కడే, ఈ డబ్బాల దగ్గరే ఉన్నాను. ఇరవై రెండేళ్ళు నా మాట మీ మాటగా అమ్మారు. అల్లుడు అమ్మింది ఆరుసార్లే.”

బయట ఎవరో వచ్చి సగం దించిన షట్టరు కిందనుంచి వంగి చూసి, లోపలి ముఖాలు చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయారు.

అల్లుడు తల దించుకునే నవ్వాపుకుంటున్నాడు. కూతురు అది చూసింది. చూసి, తన పెదవి కూడా వంకర పోతుంటే గబుక్కున కంచం తీసుకుని లేచింది.

“అత్తయ్యా,” అన్నాడు అల్లుడు, “శుక్రవారం నేను వెళ్ళి చెబుతాను.”

“నోటితో చెబితే గాలికి పోతుంది. కాగితం మీద రాసి, కింద నీ పేరు పెట్టు,” అంది ఆవిడ. “అందరికీ రాసిపెట్టావుగా. మా అమ్మాయికి ఒక్కటి రాయలేవూ?”

*

రాయలేకపోయాడు.

బుధవారమంతా గది తలుపు మూసే ఉంది. గురువారం పొద్దున మేకులాయన టీ పట్టుకుని వెళితే, బల్ల మీద పదకొండు కాగితాలున్నాయి. అన్నీ సగం సగం.

“తొమ్మిదేళ్ళలో ఎన్ని రాశావు?”

“మూడొందల పన్నెండు.”

“ఇదొక్కటీ ఏం పాపం చేసింది?”

“మీరే చూడండి.”

మేకులాయన కళ్ళజోడు పెట్టుకుని మొదటిది చదివాడు. ‘ప్రస్తుత నివేదిక ముఖ్య ఉద్దేశం, ఇటీవల వెలుగులోకి వచ్చిన కొన్ని పోలికలను పరిశీలించడం.’ రెండోది చదివాడు. అందులో ‘కొందరు రచయితలు’ ఉన్నారు. ఐదో దానిలో ‘సమాజం’ ఉంది.

“ఇందులో నువ్వెక్కడున్నావయ్యా?”

“అదే మామయ్యా. ‘నేను’ అని మొదలుపెడితే చెయ్యి ఆడటం లేదు. ఎప్పుడూ ఇంకొకరి గొంతుతోనే కదా రాసింది. కొత్తగా చేరినవాడిలా రాయమంటే రాస్తాను, ముసలి ప్రొఫెసరులా రాయమంటే రాస్తాను. నాలా ఎలా రాయాలో తెలియడం లేదు.”

తలుపు దగ్గర అలికిడైంది. కూతురు. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. చేతిలో ఎర్ర పెన్సిలుంది.

మేకులాయనకి ఆ పెన్సిలు తెలుసు. పెళ్ళైన కొత్తల్లోంచి అల్లుడు రాసిన ప్రతి వ్యాసాన్నీ ఆ పెన్సిలు పట్టుకుని కూతురే దిద్దేది. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బులిచ్చింది లేదు. అలా దిద్దీ దిద్దీ తనకే రాయాలన్న కోరిక పుట్టి కాలేజీలో చేరింది. చేరాక దిద్దడానికి తీరిక లేదు. ఆ ఆరూ తన కంట పడకపోవడానికి కారణమదే.

“నాన్నా, ఆయన్ని కొంచెం జరగమను,” అంది.

“నేను చెప్పను. నా మోకాలు నొప్పి.”

కూతురు ఒక్క అడుగు లోపలికి వేసింది. తర్వాత భర్త వైపే చూసి, “జరుగు,” అంది.

రెండు రోజుల్లో మొదటి మాట. అల్లుడు గోడకి అతుక్కుపోయేలా జరిగాడు.

ఆమె పదకొండో కాగితం ముందుకు లాగింది. “ఇక్కడ ‘ఒక దుకాణం ఉదాహరణగా వాడబడింది’ అని ఉంది. ఎవరు వాడారు?”

“నేను.”

“అయితే అది రాయి. ఎవరి దుకాణం?”

“మా మామగారిది.”

“ఎవరికి చెప్పకుండా?”

“నీకు.”

“నాకు కోపం నువ్వు అమ్మినందుకు కాదు. రెండు నెలలు నేను ఆ పుస్తకాల మీద పడి దొర్లుతుంటే, పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించి మరీ నవ్వావు. ఈ లెక్క బాగుందన్నావు. కొత్తగా చూస్తున్నట్టు.”

“బాగుంది కాబట్టే అన్నాను. నేను రాసినవాటి కంటే నీదే బాగుంది. నేను మామయ్య ఏం ఇస్తున్నారో రాశాను. నువ్వు జనం ఎందుకు తిరిగొస్తున్నారో రాశావు. అది నాకు తట్టలేదు.”

పెన్సిలు కాసేపు కాగితం మీద ఆగిపోయింది.

“ఇది కూడా రాయి,” అంది.

మేకులాయన చల్లారిపోయిన టీ కప్పు పట్టుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగాడు. మధ్యాహ్నానికి ఒక పేజీ తయారైంది. అల్లుడు దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పైకి వెళ్ళి కంపెనీకి రెండు ముక్కలు రాశాడు. ఏం రాశాడో ఎవరూ అడగలేదు.

*

శుక్రవారం మూడింటికి నలుగురూ కాలేజీలో పొడుగాటి వరండా చివర బెంచీ మీద ఉన్నారు. మేకులాయన ఒళ్ళో సంచి, సంచిలో ఇరవై రెండు పుస్తకాలు. మోసుకొచ్చినందుకు భుజం లాగుతోంది.

మేడమ్ గది తలుపు దగ్గరే నిలబడి ఆ పేజీ చదివారు. జుట్టు కత్తిరించుకున్న, సన్నటి మనిషి. రెండుసార్లు చదివారు.

“ఇది మీరే రాశారా?” అన్నారు అల్లుణ్ణి.

“నేనే మేడమ్.”

“మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్నే కదా ఇది.”

“అవును మేడమ్.”

“నా దగ్గరున్న ఆరింటి ముందు ఇది తేలిపోతోంది. చాలా కచ్చాగా ఉంది.”

“అవి తొమ్మిదేళ్ళ అనుభవంతో రాసినవి. ఇది మొదటిది.”

మేడమ్ నవ్వలేదు కానీ, కాగితాన్ని మడవకుండా జాగ్రత్తగా అట్ట మధ్యలో పెట్టుకున్నారు. “ఆ ఆరుగురి సంగతి నేను చూసుకుంటాను. మీరు చేసింది చిన్న తప్పని మాత్రం అనుకోకండి. రాయడం నేర్చుకోవాల్సిన ఆరుగురికి ఆ అవసరం లేకుండా చేశారు.”

“తెలుసు మేడమ్.”

“మీ మాట మీద ఈ అమ్మాయికి పట్టా ఇవ్వలేను. లోపల బల్ల ఉంది, కాగితం ఉంది. గంటసేపు కూర్చుని, పుస్తకం లేకుండా, ఆ షాపు గురించి తను ఏం తెలుసుకుందో రాయమనండి. చదివి సోమవారం చెబుతాను.”

కూతురు ఖాళీ చేతులు చూపించింది. “నా దగ్గర పెన్ను కూడా లేదు నాన్నా.”

మేకులాయన చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలుంటుంది, వడ్రంగులు వాడే లావుపాటిది. అది తీసి ఇవ్వబోయాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, ఆయన జేబులోంచి ఇంకో రెండు తీసి, మూడూ కలిపి కూతురి చేతిలో పెట్టింది.

“ఒకటి చాలమ్మా. గంటేగా.”

“నిచ్చెన ఎక్కుతున్నావు,” అంది తల్లి.

తలుపు మూసుకుంది.

పావుగంట గడిచింది. అల్లుడి ఫోను బుర్రుమంది. చూసి, తెర మామగారి వైపు తిప్పాడు. మామూలుగా నంబర్లు, ఎర్ర అంకెలు తిరుగుతుండే చోట తెల్లగా, ఖాళీగా ఉంది.

“తీసేశారా?”

“మానేస్తానని నిన్న నేనే రాశాను. ఇవాళ తలుపేశారు.”

“తొమ్మిదేళ్ళు చేశావని ఒక కాగితమైనా ఇవ్వరా?”

“ఎవరి పేరున ఇస్తారు మామయ్యా? వాళ్ళకి నేనూ నంబరునే. ఏడొందల పదహారు.”

మేకులాయన సంచి ఒళ్ళోంచి కింద పెట్టాడు. “సోమవారం నుంచి కిందికి రా. జీతం గురించి ఆశ పెట్టుకోకు. కానీ వచ్చినవాళ్ళు నిన్ను పేరు పెట్టి పిలుస్తారు,” అన్నాడు.

“స్క్రూల సైజులు కూడా రావు నాకు.”

“ఆరు వ్యాసాలు రాశావుగా నా షాపు మీద.”

“అందులో సైజులు ఉండవు.”

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరండాలో వెళుతున్న ఇద్దరు విద్యార్థులు వెనక్కి తిరిగి చూశారు.

నాలుగూ ఐదు నిమిషాలకి తలుపు తెరుచుకుంది. కూతురు వేళ్ళకి నల్లగా మసి, చేతిలో ఒక్క పెన్సిలు. వచ్చి భర్తకీ తండ్రికీ మధ్య ఉన్న జాగాలో కూర్చుంది.

“మిగతావి?” అన్నాడు మేకులాయన.

“ఒకటి మొన విరిగింది. ఒకటి జారి బీరువా కిందికి దొర్లిపోయింది. మేడమ్ చూస్తుంటే వంగి వెతకలేకపోయాను. మూడోదానితో పూర్తి చేశాను.”

“బాగా రాశావా?” అన్నాడు అల్లుడు.

“సోమవారం తెలుస్తుంది.” తల వెనక గోడకి ఆనించింది. “నా వ్యాసం గురించి నువ్వు నిన్న చెప్పింది పెట్టాను. నీ పేరు పెట్టి పెట్టాను. నాన్నది, అమ్మది కూడా.”

మేకులాయన సంచిలోంచి ఇరవై రెండో పుస్తకం తీసి మోకాలి మీద తెరిచాడు. కూతురి చేతిలోని పెన్సిలు అడిగి పుచ్చుకున్నాడు. వారం మొత్తం మీద ఏం పోయిందో, ఏం మిగిలిందో మనసులో ఒకసారి వేసుకున్నాడు. పోయినవాటిలో అల్లుడి తొమ్మిదేళ్ళ పని ఉంది, రెండు పెన్సిళ్ళున్నాయి, ఇరవై రెండేళ్ళుగా తను చెప్పుకున్న గొప్ప ఒకటుంది. పట్టా ఇంకా ఏ వైపూ వెయ్యడానికి లేదు. మిగిలినదాన్ని పుస్తకంలోకి ఎక్కించాడు.

ఎవరికి: అమ్మాయికి. దేనికి: నిచ్చెన. ఎన్ని: మూడు. నాలుగో గడి దగ్గర పెన్సిలు ఆపి కూతురి వైపు చూశాడు.

“చాలాయి నాన్నా.”

చాలాయి, అని రాశాడు. ఆ వరస కింద ఇంకో గీత గీసి, ‘మూడు అన్నది మా ఆవిడ’ అని చేర్చాడు.

భార్య భుజం మీదుగా వంగి చదివింది.

“సన్నగా రాశారు. కొంచెం లావుగా దిద్దండి,” అంది.

మేకులాయన పెన్సిలు నొక్కిపట్టి మళ్ళీ దిద్దాడు.